కట్ట పద్దు

ఫ్రీజియా తీరం. సముద్రం కంటే
మూరెడు పల్లంలో మా ఊరు.
నేను కట్ట సంఘం గుమస్తాని.
ఎవరి వంతు ఎన్ని బారలో, ఎవరు ఎగ్గొట్టారో
రాసిపెట్టడమే నా కూడు.

కట్టపెద్ద ఔకె అంటాడు:
"మనిషంటే ఏమనుకున్నావ్?
పగలు కట్టకి మట్టి మోస్తాడు,
రాత్రి అదే మట్టి పెరట్లోకి మోసుకుపోతాడు.
సముద్రానికి ఒక్కటే నోరు. ఊరికి నూట పన్నెండు.
అందుకే జరిమానా. అందుకే గంట. అందుకే నేను."

పడవ నడిపే యిల్డౌ
చేపల పొలుసు గీకుతూ నవ్వుతుంది.
"గంట కంటే ముందు కట్ట పుట్టింది ఔకె.
మొదటి తట్ట ఎత్తినవాడికి
ఎవరు వేశారు జరిమానా?
నువ్వు మా కాపలావి కావు.
మరిచిపోకుండా మేం చెరగుకి వేసుకున్న ముడివి."

పదహారేళ్ళుగా ఇదే వాదం.
ఇద్దరికీ తలూపాను.
గుమస్తా తల గాలివాటు తలుపు.

నవంబరులో ఆ రాత్రి
వాయవ్యం విరుచుకుపడింది.
ఔకె గంటతాడు అందుకునేసరికే
కట్ట మీద నలభై లాంతర్లు.
యిల్డౌ నా వైపు చూసింది,
ఏమీ అనలేదు.

మూడో జాముకి తూర్పు మలుపులో గండి.
అక్కడ మట్టి ఎందుకు పల్చనో నాకు తెలుసు.
పొప్కె పేరు కింద మూడుసార్లు రాశాను:
మట్టి దొంగ, మట్టి దొంగ, మట్టి దొంగ.

ఆ గండిలోనే, రొమ్ములోతు నీళ్ళలో,
ఓ తలుపుని వీపుతో అదిమిపట్టి
తెల్లారేదాకా నిలబడ్డది కూడా పొప్కే.
పట్టుకోమని ఔకె అరిచాడు.
వదిలేసి పైకి రమ్మని యిల్డౌ అరిచింది.
ఆ గాలిలో
వాడికి ఏది వినిపించిందో.

పొద్దున నీళ్ళు తీశాయి.
కట్ట చెరిపినవాడి వంతులో పార గుచ్చాలని
మా తాతల నాటి చట్టం.
పార దిగితే భూమి పోయినట్టే,
ఊరు విడవాల్సిందే.
ఔకె పార పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.
క్షమించమని యిల్డౌ అంటుందనుకున్నాను.
అనలేదు.
ఆమె మేకలు రెండూ ఆ గండి నీళ్ళలోనే పోయాయి.

"రాయి," అన్నాడు ఔకె.
రాత్రి సంగతి కూడా రాయనా అన్నాను.
దానికి గడి లేదన్నాడు.
నిజమే. తప్పులకి ఏడు గడులున్నాయి,
నిలబడ్డందుకు ఒక్కటీ లేదు.
అంచులో రాశాను, చీమల్లాంటి అక్షరాలతో.
ఔకె చూశాడు.
కొట్టెయ్యమనలేదు.

పార గోడకి ఆనించి ఉంది,
దాని మీద బురద ఎండుతోంది.
పొప్కె ఎక్కడో గడ్డివాములో నిద్రపోతున్నాడు.
బయట ఎవరో గొంతు సవరించుకుంటున్నారు.
రాత్రి తమ ఇంటి తలుపు పోయిందట,
ఫిర్యాదు రాసుకోమంటున్నారు.