పందొమ్మిదో సీసా

దస్తగిరి పాతసామాన్ల అంగట్లో
సీసాలన్నీ ఒకేలా మెరుస్తాయి.
"కిలో ముప్పై, ఏరుకోమ్మా" అంటాడు
ఏరడమంటే ఏమిటో తెలీక.

నేను కళ్ళు మూసుకుని ఏరుతాను.
చూపుడువేలి గోరు అంచు మీద ఒక చుట్టు తిప్పుతాను.
యాడన్నా తట్టుకుందా, ఆ సీసా పక్కకి.
ఆవగింజంత పెచ్చు చాలు
చిత్తూరు గాలంతా లోపలికి దూరడానికి.
తర్వాత చెంచాతో తడతాను.
మంచి గాజు ఇత్తడి చెంబులా పలుకుతుంది,
నెర్రె ఉన్నది పడిశెం పట్టిన గొంతుతో.

ఇదంతా వళ్ళియమ్మ నేర్పింది.
గుడిపాల దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలో
రెండు సీజన్లు ఆమె పక్కన నిలబడ్డాను.
చేతిలో పెన్నంత ఇనుప కడ్డీ,
వరసగా డబ్బా మూతల్ని తట్టుకుంటూ పోయేది
టిం టిం టిం టిం
డబ్.
ఆగేది. ఆ డబ్బాని నడుం పట్టి పక్కన పెట్టేది
తాగొచ్చిన మొగుణ్ణి అరుగు మీద కూర్చోబెట్టినట్టు.
"నాకు ఒక చెవే పనిచేస్తాది" అనేది,
"ఇంగోటి మిషనుకిచ్చేసినా."

మూతల మాటెత్తితే మాత్రం కోపం.
"సీసా పాతదైతే ఏంలే, మూత కొత్తది కొను.
వాడిన మూత ఒకసారి మాట ఇచ్చేసినాది.
ఇంగోసారి అడిగితే అబద్ధం చెప్తాది."
దస్తగిరి మూతలు ఊరికే ఇస్తాడు,
ఊరగాయ వాసనతో, అంచున తుప్పుతో.
చర్చివీధికి పోయి
ఒక్కోటి ఆరు రూపాయలు పెట్టి కొన్నాను.

ఈ ఏడు తోతాపురి కిలో నాలుగుకి పడింది.
మా మరిది చెంగల్రాయులు
ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరుతో మూడు రోజులు నిలబడి
నాలుగో రోజు సగం కాయ రోడ్డు పక్కన పారబోసి వచ్చాడు.
మిగిలిన సగంలో పండినవి, ఇవి.

మరిగిన గుజ్జు, నిమ్మరసం, నీళ్ళలో కాగిన సీసాలు.
చల్లటి గాజులో వేడిది పోస్తే ఏమవుతుందో
మా వంటింటి గోడకి తెలుసు,
రెండేళ్ళయినా మరక పోలేదు.
పైన కాస్త ఖాళీ. తడిగుడ్డతో అంచు తుడిచి, మూత.
మళ్ళీ మునిగేటట్టు మరిగే నీళ్ళలోకి.

రాత్రి కరెంటు పోయింది.
తువ్వాలు మీద పందొమ్మిది సీసాలు చల్లారుతున్నాయి.
మూత నడుమ గుంట పడినప్పుడల్లా
టక్.
చీకట్లో ఎవరో లెక్కపెడుతున్నారు.
వారం రోజులుగా నోరిప్పని మరిది.
టక్. "పదిహేడు."
చాలాసేపటికి ఇంకొకటి. "పద్దెనిమిది."

పందొమ్మిదోది తెల్లారేదాకా పలకలేదు.
వేలితో నొక్కితే దిగింది, వదిలితే లేచింది.
"బాగనే ఉంటాది వదినా, వాటి పక్కనే పెట్టేయి."
వళ్ళియమ్మ పోయి ఏడాది.
సీసాని నడుం పట్టుకుని పక్కకి జరిపాను.

మూత తీసేశాను. దోసెలు పోశాను.
ఐదుగురం పచ్చటి వేళ్ళు నాక్కుంటూ
సీసా గోడలు గీకి గీకి తిన్నాం.
మరిది అడుగున చెంచా తిప్పుతూ అన్నాడు:
"ఇంగోటి గూడా పలక్కుండా ఉండుంటే
బాగుండు గదా."