నాలుగా, ఆరా

దిండి చెరువు ఎడమ భుజం కిందికెళ్లి జారిపోయింది.
నూట ముప్పై నాట్లు.
ఇంతియాజ్ సార్ చేతిల కర్ర
పాలల్ల వేలు ముంచినంత మెత్తగున్నది.

నా తొడకు కట్టుకున్న అట్ట మీద పెన్సిల్ గళ్లు.
కర్రను అంగుళం కుడికి కొట్టి వదిలెయ్యాలె,
ఎన్నో ఊపుకు నిమ్మళిస్తదో లెక్కపెట్టాలె.
ఒకటి. రెండు. రెండున్నర.
"మాట ఇంటున్నది," అన్నరు సార్.

నూట నలభై.
దేవరకొండ బత్తాయి తోటలు చుక్కలై
చుక్కలు గీతలై
నూట నలభై ఎనిమిది.

ఇక్కడ్నుంచి గాలి పక్షపాతి.
కుడిదిక్కు రెక్క ఎదురుపోతది, దానికి తిండి ఎక్కువ.
ఎడమదిక్కుది గాలితోటే వెనక్కి జరుగుతది, దానికి పస్తు.
పస్తున్న రెక్కే ముందు తూలుతది.

మొదలు అరికాళ్లకు తెలుస్తది,
మిర్యాలగూడ రైసుమిల్లుల జల్లెడ మీద నిలబడ్డట్టు.
మీటర్ల ముళ్లు రెండ్రెండు కనబడతయి.
ముక్కు దానంతటదే లేస్తది, ఒళ్లు ఎడమకు ఒరుగుతది.
కిందికి నొక్కుదామని చెయ్యి ఉరుకుతది.
నొక్కొద్దు.
ఎడమచేతి మీట దించాలె, వేగం ఇడిచిపెట్టాలె,
అలిగినోళ్లతోని లెక్క.

రేడియోల కురుమయ్య, కింద రేకుల షెడ్డుకెళ్లి:
"మేడం, కర్ర గీత సూస్తున్న.
గొర్లమంద తొక్కిన తొవ్వ లెక్కున్నది."

దిగినం.
రెక్కలు ఆగినయి, చెవులల్ల ఆగలే.

"నాలుగు రాయి," అన్నరు సార్.
"చిన్న చికాకే. పట్టుకున్న కద."

పట్టుకున్నరు. అబద్ధం కాదు.
నిమిషానికి తొంభై ఆరు మార్లు మణికట్టు అటిటు మెసిలింది.
ఇరవై రెండేండ్ల చెయ్యి,
తప్పు పుట్టకముందే మింగేసింది.
చెయ్యి తిరిగినోళ్లు చేసే మోసం ఇదే,
మిషను గుట్టు బయటపడనియ్యరు.

పెన్సిల్ గడి మీద ఆనిచ్చి ఊకున్న.
రేపు దీన్ని నడిపేది ఇంకో చెయ్యి.
రాత్రి, వానల, వెనక స్ట్రెచర్ మీద
పేరు తెల్వని మనిషి మూలుగుతుంటే.
ఇది నేను అనలే.

కురుమయ్య గాజు గ్లాసులల్ల చాయ్ తెచ్చిండు.
సార్ కుడిచేత్తో అందుకున్నరు.
చాయ్ మీద సన్నటి వలయాలు,
ఒకదాని ఎనుక ఒకటి.
గాలి లేదు. షెడ్డుల ఫ్యాను కూడ లేదు.

ఆయన చూసిండ్రు.
మేమూ చూసినం, చూడనట్టు.

గ్లాసు ఎడమచేతికి మార్చుకొని
"ఆరు," అన్నరు.

కొద్దిసేపాగి,
"పెద్దగ రాయి. కనబడాలె."