సున్నం లేని గోడ

రైలు సొరంగంలోంచి బయటపడి
ఒక్క గుక్క సముద్రం తాగి
మళ్ళీ చీకట్లో మునుగుతుంది.
అయిదు ఊళ్ళు నాకు మొదట అలాగే పరిచయం,
అయిదు రెప్పపాట్లుగా.
వెలిసిన గులాబీ రంగు గోడ, గంట గోపురం,
రియోమజోరేలో తీగమీద ఎవరిదో చారల పైజామా,
అంతలోనే
నల్లబడ్డ అద్దంలో నా మొహం.

కొర్నీలియాలో దిగాను.
అయిదింటిలో రేవు లేనిది ఇదొక్కటే.
అలిగి అటకెక్కిన పిల్లలా
సముద్రాన్ని పైనుంచి చూస్తూ కూర్చుంది.
స్టేషన్ నుంచి ఊళ్ళోకి ఇటుక మెట్లు.
నూట డెబ్బై దాకా లెక్కపెట్టాను,
ఆ పైన ఊపిరే లెక్క.
ఉత్తరాల సంచీతో ఓ పిల్ల
ఈల వేసుకుంటూ నన్ను దాటిపోయింది.

బస ఇచ్చినావిడ ఎర్సీలియా.
డెబ్బై ఎనిమిదేళ్ళు, మగవాళ్ళ బూట్లు.
ఆమె మాటల్లో సగమే నాకు తెలిసేవి,
మిగతా సగం చేతులు చెప్పేవి.
రాత్రంతా వాన. తెల్లారి తలుపు కొట్టి అంది:
"పై గోడకి ఎండాకాలం నుంచీ కడుపు.
రాత్రి కనేసింది.
రొట్టె, ఉప్పుచేపలు బల్లమీదున్నాయి.
పడుకుంటావో, వస్తావో."

ద్రాక్ష గంపల కోసం
పళ్ళున్న ఒంటి పట్టామీద పాకే బొమ్మ బండి ఒకటుంది.
మనుషులు ఎక్కకూడదని బోర్డు.
తను ఎక్కి కూర్చుంది.
నన్ను నడవమంది.

కొండకి ఎవరి ముత్తాతలో గీసిన గీతల్లా
గోడమీద గోడ, గోడమీద గోడ,
మధ్యలో మంచమంత మట్టి,
ఆ మట్టిలో మోకాలెత్తు తీగలు.
తెగిన చోట రాళ్ళు
పెళ్ళయ్యాక పందిట్లో మిగిలిన చెప్పుల్లా
చెల్లాచెదురు.

సున్నం లేదు. సిమెంటు లేదు.
ముందు పెద్దరాళ్ళు, వాటి వెనక చిన్నరాళ్ళు,
ఇంకా వెనక గుప్పెడు గుప్పెడు కంకర.
జెనోవాలో ఉన్న మేనల్లుడు నేవియో
ఫోన్ చేసినప్పుడల్లా సిమెంటు పొయ్యమంటాడట.
"పక్కవాడు పోశాడు," అని కిందికి చూపించింది.
అక్కడ తోట లేదు, ఎర్రటి గీరు ఉంది,
గీరు చివర సముద్రం ఉంది.
"నీళ్ళని పోనివ్వని గోడ
నీళ్ళతోనే పోతుంది."

అరచేతికి మించిన రాయొకటి నా చేతిలో పెట్టి
"దీని మొహం ఎటుందో చూడు" అంది.
తిప్పాను. మళ్ళీ తిప్పాను.
అన్నివైపులా వీపులాగే ఉంది.
ఎలాగో ఒకలా కూర్చోబెట్టి
ఆవిడ మొహం చూశాను.
బాగుందనలేదు, లేదనలేదు,
ముక్కు చీదుకుని
పక్క రాయి అందుకుంది.

మధ్యాహ్నం కింద ఓ పడవ ఆగింది.
మైకులో ఓ గొంతు
ఒకే ముక్కని నాలుగు భాషల్లో చెప్పింది.
ఫోన్లన్నీ కొండవైపు లేచాయి.
ఆ బొమ్మల్లో మేమిద్దరం
రెండు చుక్కలమై ఉంటాం.
నన్ను కూడా
ఇక్కడి మనిషినే అనుకుని ఉంటారు.
నడుం కొంచెం ఎక్కువే వంచి
బరువున్నట్టు నటించాను.

మూడింటికి నా రైలు.
డబ్బులిస్తే సగం వెనక్కిచ్చింది,
కూలి అంది.
మలుపు దాకా దిగి వెనక్కి తిరిగి చూద్దును కదా,
ఎర్సీలియా నా రాయిని ఊడబెరికి
తలకిందులు చేసి
సుత్తితో రెండు దెబ్బలు వేస్తోంది.
అక్కడ కుదురుకుంది అది.
ఇంత దూరం నుంచి నాకే తెలిసింది.

తిరుగు రైల్లో కిటికీకి అతుక్కుని చూశాను.
సొరంగానికీ సొరంగానికీ మధ్య
గోడలన్నీ ఒకేలా ఉన్నాయి.
మాది ఏదో పోల్చుకోలేకపోయాను.
రియోమజోరేలో మాత్రం
ఆ చారల పైజామా తీగమీదే ఉంది,
వానకి తడిసి మళ్ళీ ఆరినట్టుంది.
ఎవరూ తియ్యలేదు.