నలభై మూడు టికెట్లు

పోర్ట్ చామర్స్‌లో జూలై. చలికాలం.
రేవులో దుంగల గుట్టల మీద వాన,
పబ్బులో హీటర్ పక్కన మళ్ళీ అదే పంచాయితీ:
వెట్ మ్యాచెస్ మొదటి ఆల్బమా, రెండోదా.

తడిసిన అగ్గిపుల్లలని పేరు పెట్టుకున్న ఆ నలుగురూ
విడిపోయి ముప్పై నాలుగేళ్ళు.
వీళ్ళు మాత్రం ఇంకా గీస్తూనే ఉన్నారు.

మొదటిదంటే చెవి కోసుకుంటాడు ఫర్గస్.
"వాళ్ళత్త లాండ్రీ గదిలో తీశారు, నాలుగే ట్రాకులు.
రెండో పక్క మూడో పాటలో ఫ్రిజ్ గురక వినపడుతుంది.
ఆ గురక కూడా శ్రుతిలోనే ఉంది."
"గురక కోసం రికార్డు కొనాలా, మా ఆయన చాలడూ"
అంటుంది ఇలేన్.
ఆమె ఓటు రెండోదానికి. ఆక్లండ్ స్టూడియో,
ప్రతి మాటా కడిగి బోర్లించిన గ్లాసులా.
"పాటల్ని ఇస్త్రీ చేశారు."
"చేస్తే? చొక్కా చొక్కా కాకుండా పోయిందా?"

మూడో ఆల్బం ఊసెత్తేది తావిటా ఒక్కడే,
అదీ మూడు బీర్ల తర్వాత, గొంతు తగ్గించి.
క్రైస్ట్‌చర్చ్ షోలో దొంగతనంగా తీసిన క్యాసెట్ ఉంది అతని దగ్గర.
నలభై నిమిషాల్లో పన్నెండు ఎవరిదో దగ్గు.
ఆ దగ్గు ఎవరిదని
ఒక ఈస్టర్ సెలవంతా కొట్టుకున్నారు.

ఇక స్టేజి సంగతి వస్తే కుర్చీలు దగ్గరికి జరుగుతాయి.
ఎనభై ఏడు, ఆగస్టు, నావికుల హాలు.
'సాల్ట్ స్టెప్స్' మధ్యలో కరెంటు పోయి
డ్రమ్ములొక్కటే మోగిన రాత్రి.
అక్కడ ఉన్నామనేవాళ్ళందరూ నిజంగా ఉండుంటే
ఆ హాలు గోడలు రబ్బరువైనా చాలవు.

తలుపు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నది నేను.
పంతొమ్మిదేళ్ళు, మా అన్న కోటు,
డబ్బులకి బిస్కెట్ డబ్బా.
నలభై మూడు టికెట్లు చింపాను.
అందులో రెండు అప్పు. ఒకటి ఇప్పటికీ రాలేదు,
ఫర్గస్‌ది.

హోరోమోనా ఆ రాత్రి ఇన్వర్‌కార్గిల్‌లో
ఆటలమ్మ పోసి పడుకుని ఉన్నాడు, పద్నాలుగేళ్ళ పిల్లాడు.
వాళ్ళమ్మే చెప్పింది నాకు, ఓసారి రొట్టెల కొట్లో.
అయినా ఆ రాత్రిని చెప్పాలంటే హోరోమోనాయే చెప్పాలి.

చీకటి పడగానే ఎవరో లైటర్ వెలిగించారంటాడు.
డ్రమ్మర్ మోచెయ్యి ఒక్కటే కనపడిందంటాడు,
పైకీ కిందికీ, పైకీ కిందికీ, దానికి మనిషి లేనట్టు.
పాడే అమ్మాయి పనికిరాని మైకుని నేల మీద పెట్టి
ఉత్త గొంతుతో చివరి చరణం,
ముందు వరసకి మాత్రం వినపడేంతగా...
ఇక్కడ ఆగుతాడు. గ్లాసు తిప్పుతాడు.
నిజంగా అక్కడున్న ఇలేన్ ముక్కు చీదుకుని
"అవును, మోచెయ్యి" అంటుంది.

నేనేం మాట్లాడను.
బిస్కెట్ డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది,
ఇప్పుడు గుండీలు వేసుకుంటున్నాను.
చెప్పొచ్చు, నలభై మూడులో నువ్వు లేవబ్బాయ్ అని.
చెబితే నా సంగతీ చెప్పాలి.

కరెంటు పోగానే పరిగెత్తమన్నది నన్నే,
ఫ్యూజు వైరు కోసం, మెరక ఎక్కి, మూసేస్తున్న కొట్టుకి.
అరవై సెంట్లు. ఎవరూ ఇవ్వలేదు.
వానలో తడిసి తిరిగొచ్చేసరికి
జనం కోట్లు తొడుక్కుంటున్నారు,
మొహాలన్నీ అప్పుడే నీళ్ళు పోసిన పిల్లల్లా.
ఏమైందని అడిగాను.
"అబ్బా" అన్నారు కొందరు. "ఉండాల్సింది" అన్నారు.
అంతకు మించి ఒక్కరికీ నోరు పెగల్లేదు.

ముప్పై ఏడేళ్ళలో నాకా పాట వినిపించింది
ఆటలమ్మ పోసిన కుర్రాడొక్కడే.

"లైటర్ కాదు, టార్చిలైటు" అంటాడు ఫర్గస్.
"ముందు నా టికెట్ డబ్బులు తియ్యి" అంటాను.
"హోరోమోనా, నువ్వు కానీ.
లైటర్ దగ్గర్నుంచి."