ఆటు వేళ

కాఫీ పొంగేలోపు చదివేశాను ఇవాళ్టి సువిశేషం.
క్షమించడం గురించి. ఎన్నిసార్లో లెక్కతో సహా.
పుస్తకం మూసి రబ్బరు బూట్లు తొడుక్కున్నాను.

గలీసియా తీరాన సముద్రం వెనక్కి పోతే
బురద నిండా వంగిన ఆడవాళ్ళ నడుములే.
గుల్లలు గీరుతూ నేనూ దోరిందా పక్కపక్కనే,
మాటల్లేక మూడేళ్ళు.
మా అమ్మను మట్టి చేసిన రోజు రాలేదు తను.

చిన్న గుల్లని తిరిగి వదిలేయాలి, ఇక్కడి నియమం.
రోజుకి వందసార్లు వదిలేస్తాయి నా వేళ్ళు.
వేళ్ళకి వచ్చింది. నాకే రాలేదు.

తను దగ్గుతోంది. బుట్ట సగం కూడా నిండలేదు.
ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి చాపాను,
మొహం చూడకుండా.
తాగి, "చక్కెర ఎక్కువైంది" అంది.

చీలమండల దాకా నీళ్ళొచ్చేశాయి.
ప్రభూ, ఇవాళ్టికి ఇది ఒకటి.
మిగతావి ఇప్పుడే అడక్కు.