ఏడో దొడ్డి

నాలుగున్నరకి లేస్తాను.
ఊరు లేవదు. పేరు రెండుసార్లు పిలిచినా లేవదు:
వాగా, వాగా.
తెల్ల గంబూట్లు, తలకి వల టోపీ, జేబులో టార్చి.
గొర్రెల దొడ్ల మీదుగా ఇనపచట్రాల దారి.
దాని మీద నడుస్తూ కుంటేవాటిని, దగ్గేవాటిని,
చెవులు వేలాడేసినవాటిని వేరు చేస్తాను.
జబ్బుదైతే ఆపుతాను.
బాగున్నదైతే పంపిస్తాను.
పశువైద్యం చదివించిన అమ్మకి
ఈ ఉద్యోగం ఫోన్లో చెప్పడం కష్టమైంది.
"అంటే, బాగుందనేగా నువ్వు సంతకం పెట్టేది?"
అవునమ్మా.

జూలై చలిలో ఒక తెల్లారుజామున
ఏడో దొడ్లో గొర్రె ఒకటి ఈనింది.
లారీ ఎక్కించినవాడు చూసుకోలేదు.
పిల్ల లేచింది, పడింది, లేచింది.
ఒంటిమీంచి ఆవిర్లు.
తల్లి నాకుతోంది దాన్ని,
గంటన్నరలో తన వంతని తెలియక.
లేదా తెలిసే. ఆ సంగతి
నా అయిదేళ్ళ చదువులో ఎవరూ చెప్పలేదు.
దొడ్లో పుట్టింది దొడ్డి దాటకూడదని మా దగ్గర రూలు.
నలభై ఏళ్ళుగా గొర్రెల్ని తోలుతున్న రస్
టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు
నేను పని ముగించేదాకా.
తర్వాత ఇద్దరం టీ తాగాం.
మధ్యాహ్నం క్యాంటీన్లో మాంసం పెట్టిన పై తిన్నాడు.
నేనూ తిన్నాను. దాచను.

టామ్సిన్‌తో కలిసి ఉంటాను అద్దెకి.
నర్సు. పాలు ముట్టదు, తేనె ముట్టదు,
అంత చలిలోనూ ఉన్ని తొడగదు.
నా బూట్లు వాకిట్లో వదలమంటుంది, అంతే.
ఆ రాత్రి పిల్ల సంగతి చెప్పాను,
తిడుతుందనుకుంటూనే.
"ఆడదా, మగదా?" అంది.
చూడలేదన్నాను.
అప్పటికే కడిగిన గిన్నెలు మళ్ళీ కడిగాను.

ఆమెకి నేను చెప్పనిది ఒకటుంది.
ఆరో తరగతి.
దండెం మీద ఆరిన తునకలు వేయించి
అమ్మ కట్టిన క్యారేజీ.
మూత తీశానో లేదో
పక్కనున్న పిల్ల కంచం ఎత్తుకుని జరిగి కూచుంది,
ఆనక వరసంతా జరిగింది.
ఆ పిల్లకి ఎద్దు మీద జాలేం లేదు.
వాళ్ళింట్లో పాలిచ్చినన్నాళ్ళే గేదె, వట్టిపోతే సంతకి.
సంతనించి ఎక్కడికని ఎవరూ అడగరు.
మా వాడకొచ్చాక మాత్రం పాపం.
అందుకే "మేం మాంసం తినం" అని వినపడితే
ఇవాళ్టికీ నా చెయ్యి మూత కోసం తడుముకుంటుంది.

టామ్సిన్ అనేదీ ఆ మాటే.
వినడం నేర్చుకోడానికి రెండేళ్ళు పట్టింది నాకు.
జాలీ మైలా ఒకే పప్పు తింటాయి,
దూరంనించి గుర్తుపట్టలేం.

మొన్న శనివారం ఆమెకి డ్యూటీ అని
తునకలు వండాను.
ఊర్నించి తెస్తే ఎయిర్‌పోర్టులో లాక్కుంటారు.
జనవరి ఎండల్లో నేనే కోసి, ఉప్పూ పసుపూ పట్టించి
గ్యారేజీలో తీగ కట్టి ఆరేసినవి.
తొందరగా వచ్చేసింది.
వాసన అప్పటికే కర్టెన్లకెక్కింది.
మూత పెట్టబోయాను. పాత చెయ్యి.
ఆమె ముఖం పాలిపోయింది. కడుపులో తిప్పిందని తెలుస్తూనే ఉంది.
వెళ్ళి కిటికీ తీసింది.
ఫ్రిజ్‌లోంచి గోంగూర పప్పు, నేను నేర్పిందే, నెయ్యి లేనిది,
వేడి చేసుకుని నా ఎదురుగా కూచుంది.
"అది చావాల్సింది కాదు, దీవెనా."
ఏది అని అడగలేదు నేను.
"ఎప్పటికైనా మానేస్తావా?"
తెలీదన్నాను. పొద్దున్నే లేవాలన్నాను.

తునక నమలడానికి చాలాసేపు పడుతుంది.
మాట్లాడకుండా ఉండటానికి అంతకన్నా మంచి సాకు లేదు.
కిటికీలోంచి చలి,
చలితోపాటు దూరంగా ఏదో లారీ గేరు మార్చుకున్న చప్పుడు.
ఇద్దరం విన్నాం.
ఆమె కంచం మాత్రం
ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది.