పదిహేను గీతల పది

హిరమండలం పల్లెవెలుగులో
నా సంచికి రెండు గదులు.
ఒకదాన్లో తిరిగే చిల్లర,
ఒకదాన్లో తిరగని పదులు.
సాయంత్రానికి నా కుడి భుజం
ఒక వేలెడు కిందికి దిగుతుంది.

టిక్కెట్టు కొట్టి పది బిళ్ళ చేతిలో పెడితే
వేడి పెనం తాకినట్టు వెనక్కి తీస్తారు.
"ఒద్దమ్మా, మా ఊళ్ళో సెల్లదు."
ఎవరు చెప్పారు?
ఎవరో.
పది గీతలుంటే అసలుదంట,
పదిహేనుంటే దొంగదంట.
గీతలు లెక్కపెడుతూ కూర్చున్న ముసలాయన
పురుషోత్తపురం దాటిపోయాడు.
దించి వెనక్కి నడవమంటే
నన్నే తిట్టాడు.

డిపోలో డబ్బు కట్టే వరసలో నిలబడి
నేనూ లెక్కపెట్టాను.
అంకె మీద పదిహేను కిరణాలు.
తిప్పితే సింహాలు,
వాటి పాదాల కింద నాగరిలో సత్యమేవ జయతే,
చీమ తల వంచి చదువుకోవాల్సిందే.
సంవత్సరం కింద నక్షత్రముంటే
హైదరాబాదులో పుట్టినట్టు.
చుక్కుంటే నోయిడాలో.
మొదట కిరణాలు పదిహేనేనని,
తర్వాత రూపాయికి కొత్త గుర్తొచ్చి
ఐదు రాలిపోయాయని
క్యాషియరు ధర్మారావు చెప్పాడు.
"అన్ని రకాలూ చెల్లుతాయమ్మా,
బేంకువాళ్ళ నోటీసుంది."

నోటీసు బస్సెక్కదు కదా.

ఆదివారం సెలవు.
మేనకోడలి అన్నప్రాశనకి కంచు గిన్నె కొందామని
బుడితి వెళ్ళాను.
లోకనాథాచారి కొలిమి చల్లారి ఉంది,
బూడిదలో పిల్లి పడుకుంది.
గిన్నె బేరం అయ్యాక
ఊరికే అడిగినట్టు ఒక బిళ్ళ ముందు పెట్టాను.

ఆయన గీతలు లెక్కపెట్టలేదు.
గోటి మీద నిలబెట్టి మీటాడు.
చెవి దగ్గరికి తెచ్చుకున్నాడు,
పసిదాని గుండె విన్నట్టు.
సానరాయి మీద ఒకసారి పడేశాడు.
"అతుకు లేదు, టంకం లేదు.
వొట్టి నొక్కుడుతోనే
తెల్లది ఎర్రదాన్లో కూకుంది.
అసలుదే."

లేచి చుట్టల డబ్బా తెచ్చాడు.
అడుగున, పొగాకు పొడిలో,
ఇరవై పైసల బిళ్ళ.
మధ్యలో తామర పువ్వు,
ఇంకా పచ్చగా.

"నా సిన్నప్పుడొచ్చింది ఇది.
బంగారం కలిసిందని సంతంతా గోల.
మూటలు కట్టుకొచ్చి
మా అయ్య ముందు కుమ్మరించినారు.
ఆడు మూసలో ఏసినాడు.
ముందు రేకులు కరిగినాయి,
తరవాత అంకె,
సింహాలు ఆకరిని.
తెల్లారికి సూస్తే ఏటుంది,
ఎర్రటి ముద్ద.
బంగారమేదిరా అని
మా అయ్యని దొంగన్నారు.
ఏడాదిపాటు మా గడప తొక్కినోడు లేడు."

రెండు బిళ్ళలూ అరచేతిలో పక్కపక్కన పెట్టి
వెలుగులోకి తిప్పాడు.
"సూడు, ఈ సుట్టు
ఆ తామరకి సుట్టమే తల్లీ.
అదే రాగి, అదే పసుపు."

నాకు ఒళ్ళంతా తేలికైంది.
సంచి విప్పి
గిన్నె ధరకి అరవై నాలుగు బిళ్ళలు
పదేసి చొప్పున దొంతర్లు పేర్చాను,
చివర నాలుగు విడిగా.

ఆయన దొంతర్లకేసి చూశాడు.
గిన్నెని కొంచెం
తన వైపుకి జరుపుకున్నాడు.
"అసలువే. నాను సాచ్చీకం.
గానీ బొగ్గులోడు తీసుకోడమ్మా.
నోట్లుంటే ఇయ్యి."

నోట్లే ఇచ్చాను.
నేను దొంతర్లు సంచిలోకి తోసుకుంటుంటే
"ఒక్కటుంచు" అని
ఒక పది నోటు నాకు తిరిగిచ్చాడు.
పదిహేను గీతలదే ఏరుకుని
తామర పక్కన పెట్టి
డబ్బా మూత నొక్కాడు.

సోమవారం మొదటి ట్రిప్పు.
ఆమదాలవలస దాటాక
గోతిలో పడి బస్సెగిరినప్పుడు
అరవై మూడూ ఒక్కసారి మోగాయి.
ముందు సీటు కుర్రాడు
గుడి ఏదైనా వచ్చిందేమోనని
కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"తల లోపలికి" అన్నాను.
"టిక్కెట్టు."